సిట్‌కామ్‌లలో వయోవ్యత్యాస ప్రణయాలు: రసాభాస దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

వయస్సులో పెద్ద అంతరమున్న స్త్రీపురుషుల ప్రణయం ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల టెలివిజన్ సిట్‌కామ్‌లలో పదేపదే కనిపించే కథావస్తువు. ‘ఐ లవ్ లూసీ’, ‘ఛీర్స్’, ‘ద గోల్డెన్ గర్ల్స్’, ‘మే టు డిసెంబర్’, ‘ఫ్రెండ్స్’ ధారావాహికలలోని కొన్ని ఘట్టాలను భారతీయ అలంకారశాస్త్రంలోని రసాభాస భావన వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ కథలలో చాలావరకు ఏడాదుల లెక్కను నవ్వుకు ముందుపెట్టి, పాత్రల స్థానాల మధ్య ఉన్న తేడాను ఆ నవ్వు చాటున ఉంచుతాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సిట్‌కామ్, వయోవ్యత్యాసం, హాస్యం, రసాభాసం, అనౌచిత్యం, ఫ్రెండ్స్, ఐ లవ్ లూసీ.

1. ఉపోద్ఘాతం

1996 ఫిబ్రవరి 8న ఎన్.బి.సి. ఛానెల్‌లో ప్రసారమైన ‘ఫ్రెండ్స్’ ఎపిసోడ్‌లో మోనికా గెల్లర్ అనే యువతి ఒక విందుకు వంట చేసిపెట్టడానికి వెళుతుంది. విందు ఇస్తున్నది డాక్టర్ రిచర్డ్ బర్క్. కంటివైద్యుడు, భార్యతో విడిపోయినవాడు, ఎదిగిన పిల్లల తండ్రి. అన్నింటినీ మించి, మోనికా తండ్రికి చిరకాల మిత్రుడు. మోనికా పసితనం నుంచి ఆయనకు తెలుసు. ఆ ఎపిసోడ్ ముగిసేసరికి వారిద్దరి మధ్య ప్రేమ మొదలవుతుంది. ఇద్దరికీ 21 ఏళ్ల తేడా ఉన్న సంగతిని కథ దాచిపెట్టదు. పాత్రలే దాన్ని నోటితో చెబుతాయి. ప్రేక్షకులు నవ్వుతారు. ప్రేమ కొనసాగుతుంది.

ఈ మూడు వాక్యాలలోనే సిట్‌కామ్ పనితీరు చాలావరకు ఉంది. ఒకే స్థలం, స్థిరమైన కొన్ని పాత్రలు, ప్రతివారం ఒక కొత్త చిక్కు, ఇరవై రెండు ఇరవై మూడు నిమిషాలలో దాని పరిష్కారం: ఇది ఆ ప్రక్రియకు స్థూలమైన నిర్వచనం. తెలుగులో ‘సందర్భహాస్య ధారావాహిక’ అని అనువదించుకోవచ్చు గాని, ‘సిట్‌కామ్’ అన్న మాటే వాడుకలో నిలబడింది. వయోవ్యత్యాస ప్రణయం ఈ ప్రక్రియకు ఎంతో అనువైన సరుకు. తేడా కంటికి కనిపిస్తుంది. విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరు ఏ మాట అన్నా హాస్యోక్తిగా పేలుతుంది.

నెట్‌ఫ్లిక్స్ వంటి వేదికల వల్ల ఈ ధారావాహికలు అవి పుట్టిన కాలానికి, దేశానికి ఎంతో దూరంలో ఉన్న విద్యార్థులకు కూడా పరిచితమయ్యాయి. నాడు స్టూడియోలో కూర్చున్నవారు హాయిగా నవ్విన చోట నేటి ప్రేక్షకుడు కొన్నిసార్లు ఇబ్బందిగా కదులుతాడు. ఆ ఇబ్బందిని ‘కాలం మారింది, అభిరుచులు మారాయి’ అని సరిపెట్టుకోవచ్చు. అయితే అది సరిపోయే వివరణ కాదు. ఇబ్బంది ఆనాడూ ఉంది. రచయితలకు అది తెలుసు. దాన్ని ఏ వైపు మళ్లించారన్నదే పరిశీలించవలసిన విషయం.

2. అనౌచిత్యం నుంచి హాసం

శృంగారం నుంచి హాస్యం పుడుతుందని నాట్యశాస్త్రం చెబుతుంది. ఈ మాటను అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో లోతుగా వివరించాడు. అనుచితమైన రతి శృంగారరసంగా పరిణమించదు, శృంగారాభాసంగా మిగులుతుంది. ఆ ఆభాసాన్ని గుర్తించిన సహృదయునిలో కలిగేది హాసం. సీత విషయంలో రావణుని మోహం ఇందుకు ప్రసిద్ధోదాహరణ. మోహంలో ఉన్నవాడికి అది శృంగారమే. చూస్తున్నవాడికి మాత్రం కాదు. ఈ వివరణలో నవ్వు ఒక తీర్పు. ఔచిత్యం ఎక్కడ తప్పిందో గుర్తించిన బుద్ధి నుంచి అది పుడుతుంది.

విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో ఏయే సందర్భాలలో రతి అనుచితమవుతుందో ఒక పట్టిక ఇచ్చాడు. ఉపనాయకుని పట్ల, మునిపత్ని, గురుపత్నుల పట్ల, అనేక నాయకుల పట్ల, ఇద్దరిలో ఒకరికే ఉన్నప్పుడు, ప్రతినాయకునిలో, అధమపాత్రలలో, పశుపక్ష్యాదులలో ఉన్నప్పుడు అని ఆ క్రమం. ‘అధమపాత్ర’ వంటి వర్గీకరణలలోని సామాజిక దృష్టిని నేటి విమర్శ అంగీకరించదు, అంగీకరించనక్కరలేదు కూడా. అయితే ఆ పట్టికలో ఒక విశేషం గమనార్హం. అందులో వయస్సు లేదు. గురుకుటుంబం ఉంది, పరస్పరత లేకపోవడం ఉంది. ఎవరు ఏ స్థానంలో ఉన్నారు, ఇచ్ఛ ఇరువైపులా ఉందా లేదా అన్నవే అక్కడ కొలమానాలు, ఎన్నేళ్ల తేడా అన్నది కాదు. వయస్సులో తేడా ఉన్న వివాహాలు సహజంగా చెల్లుబాటైన సమాజంలో పుట్టిన పట్టిక కాబట్టి అలా ఉందని అనవచ్చు. కారణం ఏదైనా, ఆ కొలమానం నేటి చర్చకు పనికివస్తుంది.

తెలుగులో ఈ సూత్రానికి అన్నింటికంటె బలమైన నిదర్శనం ‘కన్యాశుల్కం’. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమగ్రరూపం పొందిన ఈ నాటకంలో ముసలి లుబ్ధావధాన్లకు పసిపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు కట్టబెట్టాలని అగ్నిహోత్రావధానులు నిశ్చయించుకుంటాడు. గురజాడ ఈ వస్తువు నుంచి పుట్టించిన నవ్వంతా కొనేవాడి మీద, అమ్మేవాడి మీద పడుతుంది. పెళ్లిపీటల మీద కూర్చున్నది కూడా ఆడపిల్ల వేషంలో ఉన్న కరటకశాస్త్రి శిష్యుడే. సుబ్బి రంగస్థలం మీద దాదాపు కనిపించదు. ముసలి వరుడి పక్కన నిజమైన బాలికను నిలబెట్టి నవ్వించే అవసరాన్ని నాటకకర్త ఒక మారువేషంతో తప్పించాడు. అనౌచిత్యాన్ని చూసి పుట్టే నవ్వు ఎవరికి తగలాలో, ఎవరికి తగలకూడదో తెలిసిన రచన అది.

అమెరికన్ సిట్‌కామ్ ఈ క్రమాన్ని తరచుగా తలకిందులు చేస్తుంది. అక్కడ నవ్వు ముందు వస్తుంది. అభ్యంతరాన్ని ఒక పాత్ర హాస్యోక్తిగా అనేస్తుంది. స్టూడియోలోని ప్రేక్షకులు నవ్వుతారు. అభ్యంతరం చెప్పడం అయిపోయింది కాబట్టి కథ ఇక నిశ్చింతగా ప్రణయంలోకి నడుస్తుంది. అలంకారికులు చెప్పిన హాసం ఆభాసాన్ని ఆభాసంగా చూపేది. ఈ హాసం ఆభాసాన్ని శృంగారంగా చెలామణీ చేయించేది. హాస్యానికి హృదయం కాసేపు మొద్దుబారి ఉండాలని ఫ్రెంచి తత్త్వవేత్త ఆన్రీ బెర్గ్‌సాన్ 1900లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. సిట్‌కామ్ ఆ మొద్దుబారడాన్ని సాంకేతికంగా కూడా సమకూర్చుకుంది. 1950ల దశకం తొలి సంవత్సరాలలో ఛార్లెస్ డగ్లస్ అనే శబ్దసాంకేతికుడు రికార్డు చేసిన నవ్వులను కోరిన చోట జోడించే యంత్రాన్ని తయారుచేశాడు. ప్రత్యక్ష ప్రేక్షకుల ముందు చిత్రీకరించిన ధారావాహికలలోనైనా వారి నవ్వు ఇంట్లో కూర్చున్నవాడికి ‘ఇక్కడ నవ్వవచ్చు’ అనే అనుమతిపత్రమే.

3. లూసీ ఇంట్లో రెండు లెక్కలు

1951 నుంచి 1957 వరకు సి.బి.ఎస్.లో ప్రసారమైన ‘ఐ లవ్ లూసీ’ తొలి సీజన్‌లో, 1952 ఫిబ్రవరిలో ‘ద యంగ్ ఫ్యాన్స్’ అనే ఎపిసోడ్ వచ్చింది. పెగ్గీ అనే అమ్మాయి లూసీ భర్త, గాయకుడు అయిన రికీ మీద మనసు పడుతుంది. ఆమె దృష్టి మళ్లించడానికి లూసీ ఆర్థర్ అనే కుర్రవాడిని రంగంలోకి దింపుతుంది. ఆ కుర్రవాడు లూసీ మీదనే మనసు పారేసుకుంటాడు. చివరికి దంపతులిద్దరూ పండు ముసలివారి వేషాలు వేసుకుని, వణుకుతూ, తడబడుతూ ఆ పిల్లలిద్దరికీ కనిపించి వారి మోహం వదిలిస్తారు.

వికృతమైన వేషం, వికృతమైన చేష్ట హాస్యానికి విభావాలని భరతుడు చెప్పిన దానికి ఇంతకంటె సూటియైన ఉదాహరణ దొరకడం కష్టం. ఇక్కడ పెద్దలు పిల్లల ఆకర్షణను ఒక్క క్షణమైనా అంగీకరించరు. ఉన్న వయోభేదాన్ని తగ్గించి చూపడానికి బదులు నాలుగింతలు పెంచి చూపుతారు. నవ్వు పెద్దల ముసలి వేషాల మీద పడుతుంది. పిల్లల పరువు పోదు. చాలా పాతదైన ఈ ఎపిసోడ్ నేటి ప్రేక్షకుడిని కూడా ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం ఇదే. ఆర్థర్ వేషం వేసిన రిచర్డ్ క్రెన్నాకు అప్పటికే 25 ఏళ్లు నిండడం వల్ల ఆ దృశ్యాల హాస్యం మరింత తేలికపడింది.

అదే ధారావాహికలో మరో వయోభేదం ఉంది. దాని మీద ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అది కథలో లేదు. లూసీ దంపతుల ఇంటి యజమానులు ఫ్రెడ్, ఎథెల్ మెర్ట్జ్. ఎన్నో ఏళ్లు కాపురం చేసి ఒకరినొకరు సాధించుకునే, ఇంచుమించు ఒకే ఈడు జంటగా వారిని చూపారు. ఫ్రెడ్ పాత్రధారి విలియం ఫ్రాలీ 1887లో పుట్టాడు. ఎథెల్ పాత్రధారిణి వివియన్ వాన్స్ 1909లో పుట్టింది. అంతరం 22 ఏళ్లు. తండ్రి వయసువాడికి తనను భార్యగా చూపుతున్నారన్న అసంతృప్తి వాన్స్‌కు ఉండేదన్నది టెలివిజన్ చరిత్రలో అందరూ ఎరిగిన సంగతి. ఇద్దరి మధ్య తెరవెనుక సఖ్యత లేకపోవడం కూడా అంతే ప్రసిద్ధం. మోనికాకు, రిచర్డ్‌కు మధ్య ఉన్న 21 ఏళ్లు నవ్వుకు వస్తువయ్యాయి. వాన్స్‌కు, ఫ్రాలీకి మధ్య ఉన్న 22 ఏళ్లు ఎవరికీ కనిపించలేదు. నలభై రెండేళ్ల నటి అరవై దాటిన నటుడి స్థాయికి తన ఈడును పెంచుకోవలసి వచ్చిందే గాని, ఆయన ఈడు తగ్గలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ వేరొక జ్ఞాపకం రాక తప్పదు. ‘బడిపంతులు’ (1972)లో ఎన్.టి. రామారావుకు మనుమరాలిగా నటించిన శ్రీదేవి, ఏడేళ్ల తరువాత ‘వేటగాడు’ (1979)లో ఆయన సరసన కథానాయిక అయింది. నటీనటుల వయోభేదం పాత్రల వయోభేదంగా లెక్కకు రాకపోవడం తెలుగు సినిమాలో ఎంత సహజంగా చెల్లిందో హాలీవుడ్ స్టూడియోలలోనూ అంతే సహజంగా చెల్లింది. ఈ విషయం మీద ప్రత్యేక అధ్యయనం అవసరం.

4. స్త్రీ పెద్దదైనప్పుడు

‘ద గోల్డెన్ గర్ల్స్’ (1985–1992) మయామీలో ఒకే ఇంట్లో ఉండే నలుగురు వయోధిక స్త్రీల కథ. తొలి సీజన్‌లోనే బ్లాంష్ అనే పాత్రకు డర్క్ అనే యువకుడు పరిచయమవుతాడు. ఏరోబిక్స్ శిక్షకుడు. అతనితో విందుకు వెళ్లబోయే ముందు ఆమె యవ్వనాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పడే అవస్థలే ఎపిసోడ్‌లోని హాస్యంలో పెద్ద భాగం. చివరికి తీరిగ్గా కూర్చున్నాక, ఆమెలో తనకు తన తల్లి కనిపిస్తున్నదని అతడు చెబుతాడు. కథ అక్కడితో ముగిసింది.

దీన్ని రిచర్డ్ కథ పక్కన పెట్టి చూస్తే హాస్యం తగిలే చోటు ఎలా మారిందో తెలుస్తుంది. రిచర్డ్ యవ్వనం కోసం ఏ పాటూ పడడు. నెరుస్తున్న జుట్టు, మీసం, చుట్ట అతని ఆకర్షణలో భాగం. బ్లాంష్‌కు వయస్సు దాచవలసిన లోపం, దాచలేక పట్టుబడటం హాస్యం. అమెరికన్ రచయిత్రి సూసన్ సాంటాగ్ 1972లో వార్ధక్యపు ద్వంద్వప్రమాణాన్ని గురించి రాసిన వ్యాసంలో చర్చించినది ఈ అసమానతనే. అయితే ‘ద గోల్డెన్ గర్ల్స్’కు న్యాయం చేయాలంటే ఒక మాట చేర్చాలి. ఆ ఇంట్లో మిగిలిన ముగ్గురూ బ్లాంష్ వయసువారో అంతకంటె పెద్దవారో కాబట్టి ఆమెను చూసి నవ్వే నవ్వులో సానుభూతి కలిసే ఉంటుంది. ‘మాతృసామ్యం’ అనే దెబ్బ ఆమెకు తగిలినా, ప్రేక్షకుడు ఆ గదిలో ఆమె పక్కనే కూర్చుంటాడు, డర్క్ పక్కన కాదు.

5. తండ్రి మిత్రుడు

మోనికా, రిచర్డ్‌ల ప్రణయాన్ని ‘ఫ్రెండ్స్’ రచయితలు హాస్యప్రసంగంగా గాక గంభీరమైన ప్రేమకథగానే నడిపారు. టామ్ సెలెక్ (జననం 1945), కోర్ట్‌నీ కాక్స్ (జననం 1964) ఇద్దరూ ఆ పాత్రలకు తెచ్చిన నిబ్బరం వల్ల అది నమ్మదగినదిగా నిలిచింది. ఈ ధారావాహికను అభిమానించేవారిలో ఈ జంటను ఇష్టపడేవారు నేటికీ తక్కువేమీ కాదు. అందువల్ల దీన్ని కేవలం దోషంగా ఎంచడం తొందరపాటు అవుతుంది. మోనికా ఉద్యోగం చేసుకునే వయోజన స్త్రీ. ఇచ్ఛ ఇరువైపులా ఉంది. విశ్వనాథుని కొలమానంతో చూసినా ఇది ఆభాసం కాదు.

ఇబ్బంది 21 ఏళ్లలో లేదు. ఆ ఇరవై ఒక్క ఏళ్లలో రిచర్డ్ ఆమెను ఏ స్థానం నుంచి చూశాడన్న దాంట్లో ఉంది. ఆయన ఆమె ఇంటికి వచ్చిపోయిన పెద్దమనిషి. ఆమె తండ్రి జాక్‌కు సమవయస్కుడు. జాక్ పుట్టినరోజు వేడుకలో మోనికా స్నానాలగదిలో దాక్కుని, రిచర్డ్‌కు కొత్తగా దొరికిన ‘ఆ చిన్నది’ ఎవరా అని పెద్దలు వేసుకునే పరిహాసాలను వినవలసి వస్తుంది. వారు పరిహసిస్తున్నది తమ కూతురినేనని వారికి తెలియదు. ఆ ఒక్క దృశ్యంలో ‘ఫ్రెండ్స్’ అసలు ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చింది. పరాయి ఆడపిల్ల అయితే మిత్రుడి అదృష్టం, సొంత కూతురైతే మిత్రుడి ద్రోహం. జాక్ నోరు తెరచి నిలబడిపోతాడు, ప్రేక్షకులు నవ్వుతారు, మోనికా తన సంబంధాన్ని ధైర్యంగా ప్రకటిస్తుంది. ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

ఆ తరువాత రచయితలు చేసిన పని మరింత ఆసక్తికరం. రిచర్డ్ తండ్రివంటివాడన్న భావాన్ని వారు మోనికా నుంచి తొలగించి ఆమె మిత్రులు చాండ్లర్, జోయిలకు అంటగట్టారు. వారిద్దరూ రిచర్డ్‌ను అనుకరిస్తూ మీసాలు పెంచి, చుట్టలు కాల్చి, అతనితో ఆటలకు వెళతారు. అతనిలో తాము ఒక తండ్రిని చూస్తున్నామని బయటపడుతుంది. రిచర్డ్ నొచ్చుకుంటాడు. పితృభావం కథలో ఉన్నదని ఒప్పుకోక తప్పదు. అది ప్రియురాలి ముఖంలో కనిపిస్తే శృంగారం చెడుతుంది. ఇద్దరు మగవారి ముఖాలలో కనిపిస్తే హాస్యం అవుతుంది. నేర్పుగల పరిష్కారమే. తప్పించుకోవడమూ అదే.

1996 మే నెలలో రెండవ సీజన్ చివర వీరు విడిపోవడానికి కారణం పిల్లలు. మళ్లీ పసిపిల్లలను పెంచే ఉత్సాహం అతనికి లేదు. పిల్లలు లేని జీవితం ఆమెకు వద్దు. వయోవ్యత్యాసం సంఖ్య రూపం వదిలి జీవితదశల తేడాగా కనిపించిన అరుదైన సన్నివేశం ఇది. ఇక్కడ హాస్యోక్తులు దాదాపు ఆగిపోతాయి. ధారావాహికలో అత్యంత నిజాయితీగల విరహాలలో ఇదొకటని అనడానికి సంకోచించనక్కరలేదు.

బ్రిటన్‌లో ఇదే వస్తువును ఒక ధారావాహిక మొత్తానికి పునాది చేశారు. బి.బి.సి. 1989 నుంచి 1994 వరకు ప్రసారం చేసిన ‘మే టు డిసెంబర్’లో యాభై దాటిన న్యాయవాది అలెక్ కాలెండర్, 26 ఏళ్ల వ్యాయామ ఉపాధ్యాయిని జోయీ ఏంజెల్ ప్రేమలో పడతారు. ఆమె విడాకుల పని మీద అతని కార్యాలయానికి వచ్చిన కక్షిదారు. అయినా అభ్యంతరాలు ఒక్క నవ్వుతో తీరిపోవు. అతని ఎదిగిన పిల్లలు, ఇరుపక్షాల బంధువులు వారం వారం వాటిని మళ్లీ తెస్తూనే ఉంటారు. వివాహం, సంతానం దాకా సాగిన ఆ కథ ఇబ్బందిని దాటవేయలేదు. దానితో కాపురం చేసింది.

6. సమానంగా కనిపించే రెండు అబద్ధాలు

రిచర్డ్ రాకకు ముందే, 1995 మే నెలలో, మోనికాకు ఈథన్ అనే కుర్రవాడు తారసపడతాడు. తనకు 22 ఏళ్లని ఆమె అబద్ధం చెబుతుంది. ఆమె అసలు వయస్సు పాతిక దాటింది. కళాశాల చివరి సంవత్సరంలో ఉన్నానని అతను చెబుతాడు. సంబంధం ముందుకు సాగిన తరువాత ఆమె నిజం చెబుతుంది. అప్పుడు అతనూ నిజం చెబుతాడు. అతను ఇంకా పాఠశాల విద్యార్థి, వయస్సు 17. మోనికా దిగ్భ్రాంతి చెంది సంబంధం తెంచేస్తుంది.

ఆ ఎపిసోడ్ శీర్షిక ‘ద వన్ విత్ ది ఇక్ ఫ్యాక్టర్’. ‘ఇక్’ అనే ఆంగ్లపదానికి తెలుగులో ఏవగింపు సరిపోతుంది. శాస్త్రభాషలో చెబితే జుగుప్స. శృంగారంలో రాకూడని భావాలుగా భరతుడు ఆలస్యం, ఔగ్ర్యం, జుగుప్స అనే మూడింటిని మినహాయించాడు. శృంగారంలోకి జుగుప్స చొరబడితే రసం నిలవదని రచయితలకు కూడా తెలుసు. శీర్షికలోనే ఒప్పుకున్నారు. కాని ఆ జుగుప్సను వారు కథలో పంచిన తీరు ప్రశ్నార్హం. ఇద్దరూ అబద్ధం చెప్పారు కాబట్టి ఇద్దరూ సమానులు అన్న తూకం ఆ సన్నివేశపు హాస్యానికి ఆధారం. పాతికేళ్ల ఉద్యోగిని నాలుగేళ్లు తగ్గించి చెప్పిన అబద్ధం, బడిపిల్లవాడు పెద్దవాడిగా కనబడటానికి చెప్పిన అబద్ధం ఒకే తూకంలో తూగవు. ఒకటి అహంకారం, మరొకటి అపరిపక్వత. పైగా నవ్వంతా మోనికా ఇరకాటం మీదనే. ఈథన్‌కు ఏమైందన్నది ఎవరికీ పట్టదు. స్త్రీపురుష స్థానాలు మార్చి ఊహించుకుంటే, అంటే పాతికేళ్ల ఉద్యోగి, బడిపిల్ల అనుకుంటే, స్టూడియోలో ఆ నవ్వు వినిపించేదా అన్న సందేహం సహజంగా కలుగుతుంది. కుర్రవాడికి ఇందులో నష్టమేముందిలే అన్న లోకాభిప్రాయం మీద ఆ నవ్వు నిలబడి ఉంది.

7. గురువు, శిష్యురాలు

అధ్యాపకులకు ఈ చర్చలో అన్నింటికంటె దగ్గరగా తగిలేవి ఈ రెండు కథలు. మొదటిది 1982 సెప్టెంబర్ 30న ప్రసారమైన ‘ఛీర్స్’ తొలి ఎపిసోడ్‌లో ఉంది. బోస్టన్‌లోని ఒక బార్‌లోకి డయాన్ ఛాంబర్స్ అనే యువతి, ఆచార్యుడు సమ్నర్ స్లోన్ కలిసి వస్తారు. ఆమె అతని దగ్గర బోధనసహాయకురాలు. వారు పెళ్లి చేసుకోవడానికి బార్బడోస్ వెళ్లబోతున్నారు. మాజీ భార్య దగ్గరున్న ఉంగరం తెస్తానని చెప్పి వెళ్లిన ఆచార్యుడు తిరిగి రాడు. మాజీ భార్యతోనే వెళ్లిపోతాడు. పెళ్లీ, ఉద్యోగమూ రెండూ ఒక్క సాయంత్రంలో పోగొట్టుకున్న డయాన్ ఆ బార్‌లోనే వడ్డించే పనిలో చేరుతుంది. సమ్నర్ పాండిత్యపు మాటలను బార్ యజమాని శామ్ మలోన్ మొదటి నుంచీ నమ్మడు. ప్రేక్షకుడూ నమ్మడు. ఇక్కడ హాస్యం గురుస్థానంలో ఉన్నవాడి డాబు మీద సూటిగా పడుతుంది. అతని మీద ఆధారపడినందుకు ఆమె చెల్లించిన మూల్యం పదకొండేళ్లు సాగిన ధారావాహికకు ప్రారంభబిందువైంది.

రెండవది 2000లో ‘ఫ్రెండ్స్’ ఆరవ సీజన్‌లోనిది. పురాజీవశాస్త్రం బోధించే రాస్, తన తరగతిలో చదివిన ఎలిజబెత్ అనే విద్యార్థినితో ప్రేమలో పడతాడు. ఇది విశ్వవిద్యాలయ నియమాలకు విరుద్ధమని, ఉద్యోగం పోవచ్చని సహోద్యోగి హెచ్చరిస్తాడు. రాస్ రహస్యంగా కొనసాగిస్తాడు. నియమం ఎందుకు ఉందో ఒక్క పాత్రా అడగదు. కథలో నియమం రాస్‌కు ఎదురైన అడ్డంకి. ఎలిజబెత్‌కు కల్పించిన రక్షణ అన్న కోణం అందులో లేదు. ఆమెకు మార్కులు వేసిన చేయి, ఆమె చేయి పట్టుకున్న చేయి ఒకటే అన్న సంగతి ఎక్కడా ప్రస్తావనకు రాదు.

ఆమె తండ్రి పాల్ ప్రవేశంతో కథ మరో మలుపు తీసుకుంటుంది. ఆ పాత్రకు బ్రూస్ విల్లిస్ ఎమ్మీ పురస్కారం అందుకున్నాడు. కూతురి కంటె ఎంతో పెద్దవాడైన రాస్‌ను చూసి పాల్ మండిపడతాడు. కథాపరంగా అభ్యంతరానికి ఇదొక్కటే గట్టి గొంతు. ఆ గొంతును రచయితలు రెండు విధాలుగా నీరుగార్చారు. తనకంటె బాగా చిన్నదైన రేచల్‌తో పాల్ ప్రేమలో పడతాడు. దానితో అభ్యంతరం చెప్పే అర్హత కోల్పోతాడు. పైగా అతడు అద్దం ముందు నిలబడి తనను తాను పొగుడుకుంటుండగా చాటు నుంచి చూసిన రాస్, ఆ రహస్యాన్ని అడ్డుపెట్టుకుని అతని నోరు మూయిస్తాడు. ఇద్దరు మగవారి మధ్య లెక్క సరిపోయింది. రేచల్, పాల్‌ల మధ్య కూడా ఏళ్ల తేడా ఉంది. కాని రేచల్ అతని విద్యార్థిని కాదు, ఉద్యోగిని కాదు. ఏడాదుల లెక్కలో ఈ రెండు జంటలూ ఒకే వరుసలో కూర్చుంటాయి, స్థానాల లెక్కలో కూర్చోవు. సిట్‌కామ్ మొదటి లెక్కను ఎంచుకున్నది. ఎందుకంటే నవ్వు దొరికేది అక్కడే.

ఈథన్ కథలో అబద్ధాల తూకం, రిచర్డ్ కథలో తండ్రిభావాన్ని మిత్రులకు మళ్లించడం, ఇక్కడ తండ్రినే నిందితుని వరుసలో నిలబెట్టడం: మూడు చోట్లా పని చేసినది ఒకే నేర్పు. గురుకుటుంబాన్ని అనౌచిత్యపు పట్టికలో చేర్చిన ఆలంకారికుడు దేన్ని ముందు చూశాడో, రాస్ కథ దాన్ని చివరిదాకా చూడలేదు.

విడిపోవడానికి కూడా గురుశిష్య సంబంధం కారణం కాదు. ఎలిజబెత్ ఇంకా పరిణతి లేని పిల్ల అని రాస్‌కు తోస్తుంది. తరగతి గదిలో ఆమెను ప్రతిరోజూ చూసిన అధ్యాపకుడికి ఆ సంగతి అంత ఆలస్యంగా తెలియడం వింతే. ఆ మాట చెప్పి వెళుతున్నవాడి మీద ఆమె నీళ్లు నింపిన బెలూన్లు విసురుతుంది. అతని నిర్ణయమే సరియైనదని ఆ బెలూన్లు రుజువు చేస్తున్నట్లు సన్నివేశాన్ని కూర్చారు. స్టూడియోలో నవ్వులు వినిపిస్తాయి. ఈ సంబంధాన్ని గురించి ఎలిజబెత్ తన తరఫున ఇచ్చిన సమాధానం ఆ ధారావాహికలో అదొక్కటే.